ఆకు ఒక్కటే, రంగులే వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో టీల మీద పేజీ నిండా ఒక వ్యాసం వేశారు. రంగురంగుల కప్పుల బొమ్మలతో చూడముచ్చటగా ఉంది. మా కోడలు దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మర్నాడు పొద్దున్న ఐదున్నరకి నా చేతికి రావలసిన పాల టీ రాలేదు. గడ్డి నానబెట్టిన నీళ్లలాంటిది ఒక గ్లాసు వచ్చింది. "మావయ్యగారూ, ఇది గ్రీన్ టీ. మీరు తాగేది వేరే మొక్కట, ఇది వేరే మొక్కట. కేన్సర్ని తరుముతుందట, పేపర్లో వేశారు" అంది. ఇంట్లో నా మాట కంటే మీ పత్రిక మాటకే విలువ ఎక్కువ. అందుకే మీకే రాస్తున్నాను.

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త దూరంలో 36 ఏళ్లు విడి టీపొడి అమ్మాను. ఇప్పుడు కొట్టు లేదు, మోకాళ్లు సహకరించక మూసేశాను. టీ హోటళ్ల వాళ్లు, మెస్సుల వాళ్లు, పెళ్లి వంటల వాళ్లు మా బేరాలు. గింజ చూసి, అరచేతిలో నలిపి, నోటి ఆవిరి పట్టించి వాసన చూస్తే అస్సాం సరుకో నీలగిరి సరుకో చెప్పగలిగేవాణ్ణి. డాక్టర్ని కాదు, చదివింది ఇంటరు. కానీ టీ గురించి మీ వ్యాసం రాసినవారి కంటే నాలుగు ముక్కలు ఎక్కువే తెలుసని ధైర్యంగా చెప్పగలను.

మొదటి తప్పు ఆ మొక్క సంగతే. గ్రీన్ టీకి ఒక మొక్క, బ్లాక్ టీకి ఒకటి, వైట్ టీకి ఇంకొకటి, ఊలాంగ్‌కి మరొకటి అన్నట్టు రాశారు. అన్నిటికీ మొక్క ఒక్కటే. పేరు కెమీలియా సైనెన్సిస్. అందులో చిన్నాకుది చైనా, పెద్దాకుది అస్సాం అని రెండు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. అంతే తేడా. రంగు, రుచి మారేది కోసిన తర్వాత ఆకుని ఏం చేశారన్నదాన్ని బట్టి.

వంకాయ కోసి నీళ్లలో వెయ్యకుండా పళ్లెంలో వదిలేస్తే ఏమవుతుంది? నల్లబడుతుంది. టీ ఆకూ అంతే. 1989లో ఒకసారి నీలగిరి కొండల్లోని కూనూరు వెళ్లినప్పుడు ఫ్యాక్టరీ లోపలికి పోయి చూశాను. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున గిల్లిన పచ్చాకుని పొడుగాటి జల్లెడ తొట్లలో పరిచి, కింద నుంచి గాలి కొడుతూ రాత్రంతా వాడుస్తారు. వాడిన ఆకుని పళ్ల రోలర్ల మధ్య వేస్తే నలిగి, చిరిగి, ఉండ చుట్టుకుని గింజల్లా పడుతుంది. మనం రోజూ వాడే సీటీసీ టీ అదే. 1930ల నాటికి అస్సాంలో పుట్టిన యంత్రం. ఆ నలిగిన పచ్చటి ముద్దని గాలికి వదిలితే కళ్లముందే రాగిరంగు తిరుగుతుంది. ఆ గదిలో మగ్గిన యాపిల్ వాసన. సరిగ్గా ఆ రంగు వచ్చాక వేడిగాలి పెట్టి ఎండబెడితే బ్లాక్ టీ. నాలుగైదు కిలోల పచ్చాకు ఇస్తే కిలో టీ వస్తుంది.

అదే ఆకుని కోసిన వెంటనే ఆవిరి పట్టిస్తే, లేకపోతే బాణలిలో వేయిస్తే ఇంక నల్లబడదు. అది గ్రీన్ టీ. జపాన్ వాళ్లు ఎక్కువగా ఆవిరి పడతారు, చైనా వాళ్లు ఎక్కువగా వేయిస్తారు. సగం నల్లబడనిచ్చి ఆపితే ఊలాంగ్. లేత మొగ్గల్ని నలపకుండా వాడ్చి ఆరబెడితే వైట్ టీ. చైనాలో యునాన్ వాళ్లు ఆకుని అచ్చుల్లో బిళ్లలుగా నొక్కి, పులియబెట్టి, ఏళ్ల తరబడి దాచి తాగేది పూఅర్. అది మన పాత చింతపండు లాంటిది, ఎంత పాతదైతే అంత గిరాకీ.

మీ జాబితాలో లెమన్ టీ కూడా ఒక రకంగా లెక్కపెట్టారు. టీలో నిమ్మకాయ పిండితే కొత్త రకం అయితే, బన్ను ముంచుకుంటే బన్ను టీ అనే రకం కూడా వెయ్యాల్సింది. చామంతి టీ, మందార టీ అన్నవాటిలో టీ ఆకే ఉండదు. అవి కషాయాలు. చెడ్డవని కాదు, పేరు వేరు. అన్నట్టు, బజార్లో మందార టీ అని ఖరీదుగా అమ్మేది మన పెరటి మందారం కాదు. ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే పుల్లటి ఎర్ర రెక్కలు. రక్తపోటుని కాస్త తగ్గిస్తాయని కొన్ని పరీక్షల్లో తేలిన మాట నిజమే. పక్కన మీరు వేసిన బొమ్మ మాత్రం పూజకి కోసే మందారానిది.

ఇక పుట్టుక. చైనా చక్రవర్తి వేణ్ణీళ్లు తాగుతుంటే గాలికి ఆకు ఎగిరివచ్చి గిన్నెలో పడిందన్నారు. అది కథ, ముచ్చటైన కథే. దొరికిన ఆధారం వేరే ఉంది. షియాన్ దగ్గర హాన్ వంశపు జింగ్ చక్రవర్తి సమాధిలో టీ మొగ్గలు దొరికాయి. ఆయన క్రీ.పూ. 141లో పోయాడు. అంటే 2,100 ఏళ్ల నాటి టీ. అది టీయేనని పరీక్షించి 2016లో ప్రకటించారు. దాన్ని వదిలేసి గాలికొచ్చిన ఆకు వేశారు.

తర్వాత, "మనకి టీ ఇచ్చింది ఇంగ్లీషువాళ్లు" అని ఒకే ఒక్క వాక్యంతో తేల్చేశారు. నాకు మంట పుట్టింది ఇక్కడే. అస్సాం కొండల్లో సింగ్‌ఫో జనం ఇంగ్లీషువాళ్లు రాకముందే ఆ ఆకు తాగుతున్నారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వర్తకుడికి ఆ సంగతి చెప్పి, సింగ్‌ఫోల పెద్ద దగ్గరికి దారి చూపినవాడు మణిరామ్ దివాన్. 1839 జనవరిలో అస్సాం టీ లండన్‌లో వేలానికి వెళ్లింది. మణిరామ్ కొన్నాళ్లు అస్సాం కంపెనీ అనే ఇంగ్లీషువాళ్ల టీ కంపెనీలో దివానుగా చేసి, బయటికొచ్చి సొంతంగా తోటలు వేశాడు. 1857 తిరుగుబాటులో చెయ్యి ఉందని 1858లో ఆయన్ని ఉరితీశారు. పేజీ నిండా బొమ్మలు వేసినవారికి ఆయన పేరుకి ఒక్క లైను చోటు దొరకలేదా?

ఆ తోటల్లో పనికి ఎక్కడెక్కడి నుంచో జనాన్ని పట్టుకెళ్లారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. అస్సాం తోటల్లో ఈనాటికీ తెలుగు మూలాలున్న కుటుంబాలున్నాయి. మన టీ చరిత్రలో మన ఊళ్లవాళ్ల చెమట ఉంది, దాని ఊసు ఎత్తరు.

పేరు సంగతి కూడా చెప్పనివ్వండి, 36 ఏళ్లు పలికిన మాట కాబట్టి. చైనాలో ఫూజియన్ తీరం వాళ్లు ఈ ఆకుని "తె" అంటారు. ఓడల మీద సరుకు తెచ్చిన డచ్చివాళ్లతో ఆ మాట యూరప్ చేరి టీ అయింది. మిగతా చైనా వాళ్లు "చా" అంటారు. అది ఒంటెల దారిన పర్షియా మీదుగా వచ్చి చాయ్ అయింది. మా విజయనగరంలో టీ, హైదరాబాదులో చాయ్. సముద్రం దారి, నేల దారి రెండూ వచ్చి తెలుగులో కలిశాయి. తేయాకు, తేనీరు అన్నప్పుడు ముందున్నది తేనె కాదు, ఆ "తె".

మన ఇళ్లలోకి టీ వచ్చి ఎన్నో తరాలు కాలేదు. టీ అమ్మకాలు పెంచడానికి 1903లోనే చట్టం చేసి సెస్సు వసూలు చేశారు. ఆ డబ్బుతో ఊరూరా ప్రచారం. స్టేషన్లలో ఎనామిల్ బోర్డులు, సంతల్లో ఉచితంగా పోసే టీ. మా నాన్న చిన్నప్పుడు సంతలో ఊరికే పోస్తున్నారని మూడుసార్లు వరసలో నిలబడి తాగి, రాత్రంతా నిద్రపట్టక మా నాయనమ్మ చేత దెబ్బలు తిన్నాడట. గాంధీగారు టీ వద్దన్నారు, రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రే వద్దన్నారు. ఎవరు విన్నారు? మా నాన్న అయితే ఆ రాత్రి మేలుకున్నవాడు పెద్దయ్యాక టీకొట్టే పెట్టాడు.

ఇప్పుడు ఆరోగ్యం. వ్యాసంలో గ్రీన్ టీ కేన్సర్ని తరుముతుందని, బ్లాక్ టీ గుండెని కాపాడుతుందని, వైట్ టీ వయసు తగ్గిస్తుందని రాశారు. నా కొట్టుకి ఆ శక్తే ఉంటే మా ఆవిడకి రెండు స్టెంట్లు పడేవి కాదు.

ఆకులో గుణం లేదనను. పచ్చాకులో కెటకిన్లనే పదార్థాలుంటాయి. నల్లబడేటప్పుడు అవే చాలావరకు మారి బ్లాక్ టీకి రంగు, వగరు ఇస్తాయి. కెఫీన్ రెంటిలోనూ ఉంటుంది. గ్రీన్ టీ అంటే కెఫీన్ లేదనుకుని రాత్రి పదింటికి తాగి, నిద్రపట్టక సీరియల్స్ చూసేవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మందిని పదకొండేళ్ల పైచిలుకు గమనించి 2022లో లెక్కలు చెప్పారు. రోజుకి రెండు కప్పులు, ఆపైన టీ తాగేవాళ్లలో చావు ముప్పు అసలు తాగనివాళ్ల కంటే 9 నుంచి 13 శాతం తక్కువ కనిపించింది. అక్కడ జనం ఎక్కువగా తాగేది బ్లాక్ టీయే. పాలు, పంచదార వేసుకున్నా ఆ తేడా పోలేదట. మా కోడలు ఈ వాక్యం రెండుసార్లు చదవాలని మనవి. కాకపోతే అది గమనించి చెప్పిన లెక్క. టీ వల్లే బతికారని రుజువు కాదు. పైగా వాళ్ల కప్పులో పాలంటే ఓ చెంచాడు. మనది పాలల్లో మరిగించిన పాయసం.

మీ వ్యాసం ఎక్కడా ముట్టుకోని మాట ఒకటుంది. టీ ఏ రంగుదన్నది కాదు, ఎప్పుడు తాగుతున్నాం, అందులో ఏం కలుపుతున్నాం అన్నదే అసలు సంగతి.

మా అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు మెట్లెక్కితే ఆయాసపడేది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6. ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలలు మింగినా 8.8 దాటలేదు. మాత్ర కంపెనీని తిట్టాను, ల్యాబుని తిట్టాను. మళ్లీ తీసుకెళ్తే ఆ డాక్టరమ్మ ఒకటే అడిగింది.

"మాత్ర దేంతో మింగుతున్నావమ్మా?"

"టీతోనండీ. టిఫిన్ తినగానే తాగుతాను కదా, దాంతోనే."

ఆవిడ నా వంక చూసి, "మీరేం చేస్తారండీ?" అంది. టీపొడి వ్యాపారం అన్నాను. నవ్విందో, జాలిపడిందో గానీ, టీలో ఉండే వగరు పదార్థం ఇనుముని పట్టేసి ఒంటికి అందనివ్వదని బొమ్మ గీసి చెప్పింది. మాత్ర నిమ్మరసంతో, టీ కనీసం గంట తర్వాత. మూడు నెలల్లో 11.2కి వచ్చింది. మందు అదే, మనిషి అదే. మారింది గడియారం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి టీ ఒక్కటే కారణమని ఎవరూ అనరు. తిండి చాలకపోవడం ముందుంది. కానీ ఆ తిన్న కాస్త ఆకుకూరలోని ఇనుముని కూడా వెంటనే తాగే టీ లాగేసుకుంటే ఎలా? హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగొద్దని స్పష్టంగా చెప్పింది. కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దంది. వాళ్ల లెక్కన కప్పు టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది. మన రాజధానిలో కాకపోయినా మన భాష వినిపించే ఊళ్లో కూర్చుని చెప్పిన మాట మీ అనుబంధంలో లేదు, జపాన్ చక్కెరలేని టీ మాత్రం ఉంది.

పంచదార సంగతి. కొట్టు మూసే ముందు సంవత్సరం నాకు షుగర్ బయటపడింది. "పెద్దగా తాగను, ఆరు టీలే" అన్నాను డాక్టరుతో. ఇంటికొచ్చాక ఎందుకో పరీక్షగా చూద్దామనిపించి, కొట్లో కాటా దగ్గర ఒక కాగితం పెట్టాను. టీ తాగిన ప్రతిసారీ ఎన్ని చెంచాలు వేసుకుంటానో అన్నీ ఆ కాగితం మీద కూడా పోశాను. రాత్రి తలుపులు వేసేటప్పుడు తూచితే 62 గ్రాములు. గ్రాము తేడా లేకుండా జనానికి తూచిన కాటా అది, దాంతో వాదించలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపుంటే మేలంటోంది. నేను టీలోనే రెండు రోజులది పైగా తాగేస్తున్నాను. ఇప్పుడు మూడు టీలు, కప్పుకి అర చెంచా. మొదటి పది రోజులు తాగుతుంటే ఏడుపొచ్చింది. ఇప్పుడు బయట హోటల్లో టీ తాగితే వెగటు.

సన్నబడే టీ అని ఒకటి వేశారు. దీని మీద కొంచెం కోపంగానే రాస్తున్నాను. మా మరదలు ఆన్‌లైన్‌లో అలాంటి పెట్టె తెప్పించుకుంది. వారంలో రెండు కిలోలు తగ్గానని సంబరపడింది, వారమంతా బాత్రూము వదల్లేదని మాత్రం చెప్పలేదు. "బావగారూ, ఇది మంచి టీయేనా చూడండి" అని ఒక సంచీ ఇచ్చింది. కత్తిరించి తెల్లకాగితం మీద పరిచాను. సూదిమొన ఆకులు, బూడిద కలిసిన ఆకుపచ్చ, నాలిక మీద వేసుకుంటే జిగురుగా చేదు. మా కొట్టు పక్క మూలికల కొట్లో గోనెసంచుల్లో ఉండే సునాముఖి. మా నాయనమ్మ విరేచనానికి వేసేది ఇదే. టీ ఆకు ఒక్కటీ లేదు. పోయింది కొవ్వు కాదమ్మా, నీళ్లు అన్నాను. అలాంటిది రోజూ తాగితే ఒంట్లో లవణాలు పడిపోతాయి. గ్రీన్ టీ సారం మాత్రలైతే ఇంకో రకం ప్రమాదం. అలాంటి మాత్రల ద్వారా ఈజీసీజీ అనే కెటకిన్ రోజుకి 800 మిల్లీగ్రాములు, ఆపైన ఒంట్లో పడితే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపించాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. కప్పులో తాగే టీకీ గుప్పెట్లో మింగే మాత్రకీ పోలిక లేదు.

వేడి గురించి కూడా రాయలేదు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహికకి కేన్సర్ తేవచ్చని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. టీదీ కాఫీదీ కాదు తప్పు, వేడిది. మా రోజుల్లో ముసలాళ్లు సాసర్లో పోసుకుని, ఊదుకుని, జుర్రుమని తాగేవాళ్లు. దాన్ని నామోషీ అని మాన్పించాం. వాళ్లే కరెక్టు.

చివరిగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఒకసారి ఒక సరఫరాదారు మామూలు ధర కంటే బాగా తక్కువకి డస్టు ఇచ్చాడు. (డస్టు అంటే ఊడ్చిన చెత్త కాదు, జల్లెళ్లలో అడుగుకి దిగే సన్నరకం. మన హోటళ్లకి అదే కావాలి, చిటికెలో రంగు దిగుతుంది.) ఆశపడి తీసుకున్నాను. నాలుగో రోజు ఒక హోటలతను వచ్చి, "గురూ, చల్లనీళ్లలో వేసినా ఎరుపు దిగుతోందేంటి?" అన్నాడు. వడపోత కాగితం మీద చిటికెడు వేసి నీళ్లు చిలకరించాం. మంచి పొడికి అలా మరక పడదు. దీనికి కుంకుమ ఒలికినట్టు ఎర్రటి చారలు పాకాయి. మిగిలిన మూటలు తిప్పి పంపాను, కానీ అప్పటికే పదకొండు కిలోలు అమ్మేశాను. ఆ పదకొండు కిలోలు ఎవరెవరు తాగారో నాకు తెలీదు. ఈ కాగితం పరీక్ష ఎవరైనా ఇంట్లో రెండు నిమిషాల్లో చేసుకోవచ్చు. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను కూడా తేలుతుంది. రోలర్ల అరుగుదల వల్ల కాస్త ఉండటం మామూలే, గుత్తులుగా అంటుకుంటే మాత్రం ఆ పొడి వద్దు. వైట్ టీ వయసు తగ్గిస్తుందన్న పెట్టెలో ఈ రెండు ముక్కలు వేసి ఉంటే పాఠకుడికి పనికొచ్చేవి.

కాబట్టి నా కోరిక చిన్నది. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో రెండు దిద్దుబాట్లు వెయ్యండి. టీలన్నిటికీ మొక్క ఒక్కటేనని, తిండికీ టీకీ మధ్య గంట ఎడం కావాలని. మణిరామ్ దివాన్ పేరు కూడా వేస్తే సంతోషం. మా ఫ్రిజ్ తలుపు మీద మీ వ్యాసం పక్కన జానెడు ఖాళీ ఉంది. కత్తెర నేనే తీసి పెట్టాను.

ఇట్లు,
ఒక పాత టీపొడి వ్యాపారి,
విజయనగరం